కాకి ముట్టిన మాట

సూర్యాపేట,
ఆగస్టు 11

చిరంజీవి రాకేష్‌ను పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు వెళ్లాక ఇంకా క్షేమం అని కూడా రాయమంటున్నారు మీ పెదనాన్న. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. నీ ఫోను నా బీరువాలో పట్టుచీరల కింద ఉంది. నిన్ను పనికి పంపిన బియ్యం మిల్లు నంబరుకు చేస్తే, మాట్లాడేది నువ్వో, ఇంకొకరి గొంతుతో నువ్వో ఎలా తెలుస్తుంది? అందుకని నీతో ఏ మాటైనా కాగితం మీదే జరగాలని ఆయన తీర్మానం.

నాయనమ్మ పదకొండో రోజున మన డాబా మీద జరిగింది నీకు తెలుసు. అయినా కాగితం మీద ఉండాలట. పిట్టకు విస్తరి పెట్టాం. నలభై మంది చుట్టాలు. అరగంట దాటినా ఒక్క కాకీ ముట్టలేదు. పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిపోతేనే పిట్ట ముట్టదని అందరూ అనడంతో, మీ పెదనాన్న ఒక్కొక్క మాటా ఇస్తూ పోయారు. అస్థికలు కాశీలో కలుపుతానన్నారు. రాలేదు. నిలువెత్తు ఫొటో కట్టిస్తానన్నారు. రాలేదు. ఏటా అన్నదానం అన్నారు. ఎదురింటి ట్యాంకు మీద కూర్చున్న కాకులు తల కూడా తిప్పలేదు. అప్పుడు మీ లింగమ్మ అత్త, "తమ్మీ, మనవరాలి సదువు గురించి అమ్మ ఎన్నిసార్లు అడిగిందో! గా మాట అనరాదు?" అంది. "సరే అమ్మా, సింధూజను సదివిస్త. సదువు అయ్యేదాక పెండ్లి మాట ఎత్త" అన్నారు ఆయన. ఆ మాట పూర్తయిన మరుక్షణమే నాలుగు కాకులు విస్తరి మీద వాలాయి.

నలభై మందీ ముందు విస్తరిని చూశారు, తర్వాత నిన్ను చూశారు. జేబు వెతికితే ఫోను దొరికింది. ఫోనులో నువ్వు పదో తరగతిలో రికార్డు చేసుకున్న కాకి కూత దొరికింది. ఇంకేం కావాలి?

దసరా తర్వాత సింధూజ నిశ్చితార్థం పెట్టుకుందామని కోదాడ వాళ్లకు ఆయన ముందే మాట ఇచ్చి ఉన్నారు. ఇటు కాకికి ఇచ్చిన మాట, అటు కోదాడకు ఇచ్చిన మాట. కాకులను పిలిచింది నేనే అని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టు. ఆ కాగితం చుట్టాలకు చదివి వినిపిస్తే ఆయన కాకికిచ్చిన మాట నుంచి బయటపడతారు. బదులుగా నీ ఫోను, నీ గది, ఎరువుల షాపులో నీ కుర్చీ నీకు దక్కుతాయి. తెలివైనవాడివని పేరు, ఆలోచించుకో.

ఇట్లు,
పెద్దమ్మ భాగ్య

(నీ పాత నేరాలన్నీ నా నోటుబుక్కులో తేదీలతో సహా ఉన్నాయి. గ్యాసు సిలిండర్ మార్చిన తేదీల వెనక పేజీలో.)


మిర్యాలగూడ,
ఆగస్టు 18

పూజ్యులైన పెద్దమ్మకు, పక్క కుర్చీలోని పెదనాన్నకు నమస్కారాలు.

ఒప్పుకోలు అడిగారు. రాస్తున్నాను. గట్టిగా చదివి వినిపించండి.

ఏడో తరగతిలో హెడ్మాస్టరు గొంతుతో ఇళ్లకు ఫోన్లు చేసి రేపు బడికి సెలవని చెప్పింది నేనే. మూడేళ్ల కిందట గణపతి మండపం మైకులో పెదనాన్న గొంతుతో "రేపటి అన్నదానం మొత్తం నాదే" అన్నది నేనే. ఆ పుణ్యం మాత్రం ఆయనే ఉంచుకోవచ్చు, తిరిగి అడగను. తాత పోయాక తలుపు చాటు నుంచి ఆయన గొంతుతో "జానకీ, బీపీ గోలీ ఏసుకో" అన్నది కూడా నేనే. నాయనమ్మకు తెలుసు. "మీ తాత ఏనాడు నన్ను గోలీ ఏసుకోమన్నడురా, దొరికిపోయినవ్" అని నవ్వేది. నవ్వి వేసుకునేది.

మీకు శ్రమ తగ్గుతుందని చేయనివి కూడా ఒప్పుకుంటున్నాను. పోయిన ఎండాకాలం ఫ్రిజ్ చెడిపోయింది నా వల్లే. పక్కింటి కుక్క మూడు రోజులు కనబడకపోవడం నా పనే. బడిలో ప్రతి నాటకంలోనూ రాక్షసుడి వేషం నాకే ఇచ్చారు కాబట్టి కృతయుగం నుంచి జరిగినవన్నీ నా పేరు మీదే రాసుకోండి.

కాకులను మాత్రం నేను పిలవలేదు. నా ఫోనులోని కూత విని పారిపోయిన కాకులున్నాయి గాని, వచ్చినవి లేవు.

ఇక్కడ నన్ను బాగా చూసుకుంటున్నారు. అంటే, ఎప్పుడూ ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. పెదనాన్న ముందే ఫోను చేసి "వాణ్ని జర కనిపెట్టుకో" అన్నారట మిల్లు యజమాని శంకరయ్య గారితో. వచ్చిన రోజే తూకపు రాయి ఒకటి కనబడలేదు. అందరూ నా సంచీ వైపు చూశారు. రాయి శంకరయ్య గారి గదిలోనే దొరికింది, గాలికి తలుపు కొట్టుకోకుండా ఆయనే అడ్డం పెట్టుకున్నారు. దానికీ నన్నే ఒకసారి కోపంగా చూశారు.

మీ
రాకేష్


సూర్యాపేట,
ఆగస్టు 26

చిరంజీవి రాకేష్‌కు,

ఇది ఆయన చూడని ఉత్తరం. షాపుకు యూరియా లోడు వచ్చింది, రాత్రిదాకా ఇంటికి రారు.

నీ ఒప్పుకోలు నేను చదివి వినిపించాను. గణపతి మండపం దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి మంచినీళ్లు తాగి వచ్చారు. "సూసినవా, ఎంత పొగరు! కాకుల ముచ్చట ఒక్కటి తప్ప అన్నీ ఒప్పుకున్నడు. అంటే అదే అసలుది" అన్నారు. ఆయన లెక్క ప్రకారం నువ్వు ఒప్పుకున్నవి నువ్వు చేసినవి, ఒప్పుకోనిది తప్పకుండా నువ్వు చేసింది.

ఒప్పుకోమని నీకు చెప్పమన్నారు, చెప్పాను. నా తరఫున సలహా ఏమీ లేదు. సింధూజకు వ్యవసాయ డిగ్రీలో సీటు వచ్చింది, జగిత్యాల. చేరడానికి ఆఖరి తేదీ అక్టోబరు 9. ఇది నీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు. చేతిలో కలం ఉంది కాబట్టి రాశాను.

పిల్ల ఏమీ అడగడం లేదు. పుస్తకాలు సంచీలో సర్దుతుంది, మళ్లీ తీసి బీరువాలో పెడుతుంది. ఈ వారంలో ఇది నాలుగోసారి.

తీపి గరిజెలు పంపుతున్నాను. ముప్పై. లెక్క పెట్టుకో, ఎందుకంటే తెచ్చే డ్రైవర్ మంచివాడని అందరూ అంటారు.

పెద్దమ్మ


మిర్యాలగూడ,
సెప్టెంబరు 3

పెద్దమ్మకు,

గరిజెలు ఇరవై ఎనిమిది అందాయి. మంచివాళ్లు రెండే తింటారు.

ఈసారి వెటకారం పక్కన పెట్టి రాస్తాను. నాకు చేత కాదు, అయినా ప్రయత్నిస్తాను.

పోయిన ఆదివారం తుంగతుర్తి నుంచి అమ్మ వచ్చింది. మిల్లు గేటు దగ్గర నిలబడే, "నిన్ను పెంచిన ముసల్దాని దినాలల్ల గిట్ల చేస్తవారా? సచ్చిపోయిన మనిషితోని ఆటలా?" అని ఏడ్చింది. నేను చేయలేదన్నాను. "నువ్వు గిట్లనే అంటవ్" అంది. నాన్న రాలేదు. నా పేరు ఇంట్లో ఎత్తొద్దన్నాడట. హెడ్మాస్టరు సంగతికి బెల్టు తీసినవాడు, ఈసారి తిట్టలేదు కూడా. దొంగ అనండి, మాయలమారి అనండి, నాకు అలవాటే. నాయనమ్మ చావును ఎగతాళి చేశాననే మాట ఒక్కటే గొంతు దిగడం లేదు. ఆమె పోయిన రాత్రి నుంచి నేను ఒక్కరి గొంతు కూడా అనుకరించలేదు. మీరెవరూ గమనించలేదు.

పెద్దమ్మా, ఒక మాట. ఆ రోజు డాబా మీద మీరు నా ముందే నిలబడి ఉన్నారు. చేతిలో పాయసం గిన్నె, గరిటె. నేను చూశాను. నలభై మందీ విస్తరిని చూస్తున్నప్పుడు నేను మిమ్మల్ని చూస్తున్నాను.

నేను చేశానని ఒప్పుకుంటే సింధూజ చదువు పోతుంది. చూసింది చెప్పినా పోతుంది. అందుకని నోరు మూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి, కాబట్టి ఎవరూ నమ్మకపోవడంలో వింత లేదు.

మీరు భయపడకండి.

రాకేష్


సూర్యాపేట,
సెప్టెంబరు 7

రాకేష్‌కు,

ఉత్తరం అందింది. పాయసం గిన్నె సంగతి నాకు గుర్తు లేదు. ఆ రోజు పని ఒత్తిడిలో ఎన్నో గిన్నెలు పట్టుకున్నాను.

ఇక్కడ వానలు పడుతున్నాయి.

భాగ్య


కోదాడ,
సెప్టెంబరు 24

గుర్తు లేని పెద్దమ్మకు,

బియ్యం లారీతో నన్ను కోదాడ పంపారు. గోదాములో నాలుగు రోజుల పని. మిల్లు దాటి బయటికి పంపారంటే నమ్మకం పెరిగిందనుకోకండి. వెళ్లాల్సిన హమాలీకి జ్వరం.

నిన్న సరుకు దించిన దుకాణం ఎవరిదనుకున్నారు? మీ కోదాడ సంబంధం వాళ్లది. పెళ్లికొడుకు పవన్ లేడు, వాళ్లమ్మ గల్లాపెట్టె దగ్గర ఉంది. నా పేరూ ఊరూ అడిగి, కళ్లద్దాలు సర్దుకుని, "ఓహో, కాకుల్ని పిలిచిన అబ్బాయివి నువ్వేనా?" అంది. చుట్టాల నోటి నుంచి ఇక్కడిదాకా వచ్చేసింది.

"నేను కాదండీ" అన్నాను.

"మరెవరు?"

"తెలుసు. చెప్పను."

ఆవిడ గల్లాపెట్టె మూసింది. "నిజం చెబుతున్నావులే. అబద్ధాలాడేవాడైతే ఎవరో ఒకరి పేరు చెప్పేవాడు" అంది. పెద్దమ్మా, నేను చెప్పింది ఒక మనిషి మొదటిసారికే నమ్మితే ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

తర్వాత టీ తెప్పించి ఇంకో ప్రశ్న వేసింది. "ఆ పిల్లకి చదువుకోవాలని ఉందా?" ఉందన్నాను. పుస్తకాలు సర్దుతుందట, మళ్లీ తీసి పెడుతుందట అన్నాను. "పోయినావిడకిచ్చిన మాట తప్పించి పిల్లని తెచ్చుకుంటే రేపు నా ఇంట్లో పాలు విరిగినా అదే గుర్తొస్తుంది. మా వాడికేం తొందర? చదువుకోనివ్వమని మీ పెదనాన్నకి నేనే ఫోను చేస్తాలే" అంది.

నేను ఆవిడతో ఎవరి గొంతుతోనూ మాట్లాడలేదు. ఏ ఉపాయమూ పన్నలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇది కుట్రే అని పెదనాన్న అనే లోపల మీకు తెలియాలని రాస్తున్నాను.

రాకేష్


సూర్యాపేట,
అక్టోబరు 12

చిరంజీవి రాకేష్‌కు,

కోదాడ ఫోను వచ్చింది. అది కుట్రేనని మీ పెదనాన్న తేల్చడానికి ఒక నిమిషం పట్టింది. "ఆడమనిషి గొంతు సుత తీస్తున్నడు వాడు" అన్నారు. నిర్ధారించుకోవడానికి కోదాడ వెళ్లి, ఆవిడ ఎదురుగా కూర్చుని, అదే గొంతుతో అదే మాట మళ్లీ విని వచ్చారు.

సింధూజ అక్టోబరు 7న కాలేజీలో చేరింది. ఆఖరి తేదీకి రెండు రోజుల ముందు. సంచీ ఈసారి ఒక్కసారే సర్దింది.

ఇక నాకు గుర్తొచ్చింది రాస్తున్నాను.

రోజూ పదకొండింటికి వంట కాగానే మొదటి ముద్ద పిట్టగోడ మీద పెట్టి, గరిటెతో గిన్నె అంచు మీద మూడుసార్లు కొట్టడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. ఆ వేళకు మీ పెదనాన్న షాపులో ఉంటారు, ఎన్నడూ చూడలేదు. ఆ చప్పుడు లేకుండా మన వీధి కాకులు మన గోడ మీద ఏదీ ముట్టవు. దినం రోజున విస్తరి పెట్టింది ఆయన. చప్పుడు లేదు, కాకులు రాలేదు. ఎందుకు రావడం లేదో ఆ డాబా మీద నా ఒక్కదానికే తెలుసు. కాశీ అన్నప్పుడు కొట్టొచ్చు. కొట్టలేదు. ఫొటో అన్నప్పుడు కొట్టొచ్చు. కొట్టలేదు. బిడ్డ చదువు మాట ఆయన నోట్లోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా ఆగి, అప్పుడు కొట్టాను.

అందరూ నీ వైపు తిరిగినప్పుడు నేనూ తిరిగాను. అది కూడా రాయాలి. పెద్దమ్మ కూడా నీ వైపే చూసింది, అందరికంటే కొంచెం ముందుగా.

పోయిన ఆదివారం ఆయనకు చెప్పేశాను. నవ్వారు. "నీకంత తెలివి యాడిదే?" అన్నారు. డాబా మీదికి తీసుకెళ్లాను. మూడుసార్లు కొట్టాను. ఆరు కాకులు వచ్చాయి, ఒకటి ఆయన చెప్పు పక్కనే వాలింది. ఒక్కొక్కదాన్నీ వేలితో లెక్కపెట్టారు. తర్వాత తల ఊపి, "సూసినవా? వాడు మిల్లుకు పోయేముందు కాకులకు ట్రైనింగ్ ఇచ్చి పోయిండు" అన్నారు.

ఏం చేయమంటావు?

పెద్దమ్మ


మిర్యాలగూడ,
అక్టోబరు 17

పెద్దమ్మకు,

ఏమీ చేయకండి. సింధూజ చేరిపోయింది, ఇక నా మాటతో పోయేదేమీ లేదు. ఇదిగో, పెదనాన్న అడిగిన కాగితం ఈ ఉత్తరంతోనే పెడుతున్నాను. "కాకులను పిలిచింది నేనే. రాకేష్." రెండు వాక్యాలు అడిగారు, ఒకటితో సరిపోయింది.

నాకు ఈ పేరు పాతదే. మీకు కొత్తది. ఈ వయసులో మోయలేరు.

రాకేష్


సూర్యాపేట,
అక్టోబరు 29

చిరంజీవి రాకేష్‌కు,

నీ కాగితం పొయ్యిలో వేశాను. ఆలోచించి చేశాను, ఆవేశంలో కాదు.

మొన్న నాయనమ్మ మూడో నెల మాసికం. పాతిక మంది వచ్చారు. మీ అమ్మ వచ్చింది, నాన్న కూడా వచ్చి గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. భోజనాలయ్యాక అందరి ముందూ చెప్పేశాను. మీ పెదనాన్న, "పోరన్ని కాపాడనీకి నెత్తిన ఏసుకుంటున్నది" అన్నారు.

అప్పుడు మీ లింగమ్మ అత్త విస్తరి మడుస్తూ, "గరిటె సప్పుడు నేను గప్పుడే ఇన్న తమ్మీ" అంది.

"మరి గప్పుడెందుకు చెప్పలే అక్కా?"

"పోరి సదువుకుంటదని ఊకున్న."

"అంటే అంతా కలిసి నన్ను మోసం చేసిన్రు. గా మాట చెల్లదు. పిల్లను వాపసు తీసుకొస్త!"

"కాకిని ఎవరు పిలిస్తే ఏంది?" అంది ఆమె. "మాట అన్నది నీ నోరే గద. గా నోట్ల సుత భాగ్య గరిటె పెట్టి తిప్పిందా?"

అంతా నవ్వారు. ఆయన నవ్వలేదు, కానీ జగిత్యాల పేరు మళ్లీ ఎత్తలేదు. మీ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మీ నాన్న లేచి, ఎవరితోనూ చెప్పకుండా బస్సెక్కాడు.

రాత్రి మీ పెదనాన్న, "వానికి రాయి, రమ్మని" అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. "కానీ అసలు సంగతి తెలిసి సుత మూడు నెలలు కడుపుల దాసిండంటే, వాడు మామూలోడు కాదు" అన్నారు. నీ విడుదల ఉత్తర్వు ఇదే. భద్రపరుచుకో.

ఇక నా సంగతి. నిన్న ఇంట్లో తాళంచెవి కనబడకపోతే ఆయన నన్ను అడగలేదు, నా ముఖం చూశారు. పక్కింటావిడ మన ఇంటి కాఫీ వాసన చూసి తాగింది. లింగమ్మ వదిన వెళ్లేముందు తన సంచీ ఒకసారి విప్పి చూసుకుంది. ఇరవై ఆరేళ్లుగా ఈ ఇంట్లో ఒక్క చెంచా పోనివ్వలేదు నేను. ఇలా ఎన్నాళ్లుంటుంది రాకేష్? అనుభవం ఉన్నవాడివి, నువ్వే చెప్పాలి.

నీ ఫోను బీరువాలోంచి తీసి చార్జింగు పెట్టాను. ఎప్పుడు వస్తావు?

పెద్దమ్మ


మిర్యాలగూడ,
నవంబరు 8

మా వృత్తిలోకి కొత్తగా వచ్చిన పెద్దమ్మకు స్వాగతం.

మీ ప్రశ్నకు జవాబు: మొదటి నెల కష్టం. పోయిన ప్రతి వస్తువుకూ "నేను కాదు" అనాలనిపిస్తుంది. అనకండి. అంటే ఇంకో వస్తువు కూడా వెతుక్కుంటారు. చిన్నగా నవ్వండి, చాలు. నవ్వితే భయపడి గౌరవం ఇస్తారు. రెండో నెలకు, మీరు చేయని గొప్ప పనులు కూడా మీ పేరు మీద చెప్పుకుంటారు. అదొక్కటే ఇందులో లాభం.

నేను ఇప్పుడే రాలేను. కోతలు మొదలయ్యాయి. గేటు బయట రోడ్డు పొడుగునా వడ్ల ట్రాక్టర్లు. టోకెన్ నంబర్లు మైకులో పిలిచే పని శంకరయ్య గారు నాకిచ్చారు. "నీకు మైకులు అలవాటేనట గద" అన్నారు. మొదటి రోజు ఎవరి గొంతుతో పిలవాలో అర్థం కాలేదు. చివరికి నా గొంతుతోనే పిలిచాను. అంత బాగుండదు, కానీ నంబర్లు తప్పవు. శంకరయ్య గారికి తెలిసినవాళ్ల ట్రాక్టరైనా వరసలోనే రావాలి. మొదట్లో రైతులు నా పేరు విని రోజంతా టోకెన్లు చేతిలో పట్టుకుని కూర్చున్నారు, నేను మారుస్తానని. ఇప్పుడు టోకెన్ జేబులో పెట్టుకుని చెట్టు కింద నిద్రపోతున్నారు.

నిన్న మధ్యాహ్నం నూట పద్నాలుగో నంబరు మా నాన్న.

తుంగతుర్తి నుంచి ఇంత దూరం వడ్లు ఎప్పుడూ తేలేదు ఆయన. పొద్దున్నుంచి వరసలోనే ఉన్నాడట, నా దగ్గరికి రాలేదు. ఆయన ముందు ట్రాక్టరు మాడుగులపల్లి సైదయ్యది. తూకం దగ్గర సైదయ్య నాకు చెప్పాడు: "నా ఎనక ముసలాయన, మైకుల పిలిసే పోరడు ఎవలని అడిగిండు. ఎవలో తెల్వది గాని మాట తప్పడు అన్న. 'వాడు నా కొడుకు' అన్నడు. రెండుసార్లన్నడు, నేను అడగకున్నా."

తర్వాతి నంబరు పిలవాలి. అది నూట పద్నాలుగు. నాకు తెలుసు, కాగితం మీద కనిపిస్తూనే ఉంది. నోటికి రాలేదు. పావుగంటసేపు మైకులో ఏ చప్పుడూ లేదు. వరస మొత్తం ఆగిపోయింది, వెనక రోడ్డు మీద వంద ట్రాక్టర్లు హారన్లు కొట్టాయి, బస్సులు నిలిచిపోయాయి, శంకరయ్య గారు చెప్పులు లేకుండా బయటికి పరిగెత్తారు.

పెద్దమ్మా, ఆ గొడవ మాత్రం పూర్తిగా నా పనే. ఎవరడిగినా రాసిస్తాను.

రాకేష్